లీజు ముగిసిన ఎలక్ట్రిక్ కారు కొంటున్నారా? కర్నూలు, కడప వాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు చూడాల్సినవి ఇవే

మీ ఫోన్‌లో ఇలాంటి ప్రకటన ఈమధ్య కనిపించే ఉంటుంది. ‘2021 మోడల్ ఎలక్ట్రిక్ కారు. కంపెనీ లీజు బండి. సింగిల్ ఓనర్. బెంగళూరు రిజిస్ట్రేషన్, ఎన్‌ఓసీ రెడీ. కొత్త కారు ధరలో సగమే.’ కింద మెరిసిపోతున్న నాలుగు ఫొటోలు, ‘ఈరోజే టోకెన్ అడ్వాన్స్ వేస్తే బండి మీకే’ అనే మాట.

బేరం నిజంగానే మంచిది కావచ్చు. లీజు కంపెనీల బండ్లకు సర్వీసు సమయానికి జరుగుతుంది, కాగితాలు పద్ధతిగా ఉంటాయి. అయితే ఎలక్ట్రిక్ కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీ. దాని ఆరోగ్యం ఫొటోలో కనిపించదు. ఆర్సీ మీద ఎవరి పేరుంది, అప్పు ఎవరికి ఉంది, మన రాష్ట్రంలో పన్ను ఎంత పడుతుంది అనేవి కూడా కనిపించవు. పీఎఫ్ డబ్బులు తీసో, బంగారం కుదువ పెట్టో కారు కొనేవాళ్లకు ఈ నాలుగు ప్రశ్నలే ముఖ్యం. వాటికి జవాబులు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం.

ఈ కార్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

లీజు బండ్లు మూడు దారుల్లో బయటికి వస్తాయి.

మొదటిది ప్రభుత్వ లీజు. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ 2017లో 10,000 ఎలక్ట్రిక్ కార్లకు టెండర్ పిలిచింది. టాటా మోటార్స్, మహీంద్రా ఆ కార్లను సరఫరా చేసేందుకు ముందుకొచ్చాయి. ప్రభుత్వ శాఖలకు వాటిని లీజుకివ్వాలన్నది పథకం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2018లో నెడ్‌క్యాప్ ద్వారా ఈఈఎస్‌ఎల్‌తో ఒప్పందం చేసుకుంది. అప్పటి టిగోర్ ఈవీ, ఈ-వెరిటో లాంటి తొలితరం కార్లు ఇప్పుడు లీజు గడువు దాటే వయసులో ఉన్నాయి.

రెండోది ఉద్యోగుల లీజు. బెంగళూరు, హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో జీతంలో భాగంగా కారు లీజుకు తీసుకోవడం మామూలే. మూడు, నాలుగేళ్లు వాడాక ఉద్యోగి కొనుక్కోకపోతే బండి లీజు కంపెనీకి వెనక్కి వెళ్తుంది. అక్కడి నుంచి డీలరుకో, వేలానికో చేరుతుంది.

మూడోది క్యాబ్ లీజు. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది దీన్నే. ఢిల్లీ, బెంగళూరుల్లో ఎలక్ట్రిక్ క్యాబ్‌లు నడిపిన బ్లూస్మార్ట్ కథే ఉదాహరణ. ఆ సంస్థకు కార్లు లీజుకిచ్చిన కంపెనీల్లో జెన్‌సోల్ ఇంజినీరింగ్ ప్రధానమైనది. జెన్‌సోల్‌పై సెబీ 2025 ఏప్రిల్ 15న మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. 6,400 ఎలక్ట్రిక్ కార్ల కోసం రూ.663.89 కోట్ల రుణం తీసుకుని, కొన్నది 4,704 కార్లేనని అందులో పేర్కొంది. ఆ వెంటనే బ్లూస్మార్ట్ సర్వీసు ఆగిపోయింది. వేల కార్లు యార్డుల్లో నిలిచిపోయాయి. ఇతర లీజు కంపెనీలు తమ కార్ల కోసం కోర్టుకు వెళ్లాయి.

ఇందులో మీరు గమనించాల్సింది ఒక్కటే. కారు నడిపేవాడు ఒకరు, ఓనర్ మరొకరు, అప్పిచ్చినవాడు ఇంకొకరు. ఈ ముగ్గురి మధ్య తగాదా తేలకముందే బండి మీ చేతికొస్తే, ఆ తగాదా కూడా మీ చేతికొచ్చినట్టే.

నంబర్ ప్లేటు ఏం చెబుతుంది?

ఎలక్ట్రిక్ వాహనాలకు ఆకుపచ్చ ప్లేటు ఉంటుంది. అంకెలు తెల్లగా ఉంటే సొంత వాహనం. పసుపు రంగులో ఉంటే ట్రాన్స్‌పోర్టు వాహనం, అంటే క్యాబ్. ప్లేటు మార్చేయడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి దాంతోనే ఆగకండి. ఎంపరివాహన్ యాప్‌లో కారు నంబరు కొట్టి వాహన తరగతి, రిజిస్ట్రేషన్ తేదీ, ఫైనాన్స్ వివరం, ఇన్సూరెన్స్ గడువు చూడండి. తరువాత అసలు ఆర్సీ అడిగి సరిపోల్చండి.

క్యాబ్‌గా తిరిగిన బండిని మీరు సొంతానికి వాడాలంటే ఆర్టీవో అనుమతితో తరగతి మార్పించాలి. ఆ పని పాత ఆర్టీవో దగ్గరే, అమ్మేవాళ్ల ఖర్చుతోనే పూర్తి చేయమనండి. ‘కర్నూలుకు తీసుకెళ్లి మార్చుకోండి’ అన్నారంటే ఆ తిరుగుడంతా మీ నెత్తిన పడుతుంది.

కిలోమీటర్ల లెక్క కూడా ఇక్కడే వేసుకోండి. రోజుకు 200 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగిన క్యాబ్ ఏటా 60,000 కిలోమీటర్లు నడుస్తుంది. చాలా ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఈ లెక్కన క్యాబ్ వారంటీ మూడేళ్లు నిండకముందే అయిపోతుంది. ప్రకటనలో ‘2030 దాకా వారంటీ’ అని రాసినా మీకు ఒరిగేదేమీ ఉండదు. కొన్ని కంపెనీల పొడిగించిన వారంటీలు మొదటి ఓనరుకే వర్తిస్తాయి. అందుకే ఛాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడగండి. ‘ఈ బండి రెండో ఓనరుకు బ్యాటరీ వారంటీ ఎప్పటి దాకా, ఎన్ని కిలోమీటర్ల దాకా?’ జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి.

బ్యాటరీ ఎంత మిగిలిందో ఎలా తెలుస్తుంది?

బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఎంత కరెంటు పట్టేదో, ఇప్పుడు అందులో ఎంత శాతం పడుతుందో చెప్పేదే ‘స్టేట్ ఆఫ్ హెల్త్’. డ్యాష్‌బోర్డు మీద కనిపించే 100 శాతం అది కాదు. సగం పాడైన బ్యాటరీ కూడా నిండా చార్జ్ చేస్తే 100 శాతమే చూపిస్తుంది. బిందె చిన్నదైపోయినా నిండితే నిండినట్టే కదా.

తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కంపెనీ సర్వీసు సెంటర్‌లో బ్యాటరీ పరీక్ష చేయించి రిపోర్టు తీసుకోవడం. ఖర్చు మీరే పెట్టుకుంటానని చెప్పండి. అయినా అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయడం మంచిది.

రెండోది మీరే నడిపి చూడటం. 100 శాతం చార్జ్ చేసి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ఏసీ వేసుకుని బయల్దేరండి. కర్నూలు వాళ్లు డోన్ దాకా, కడప వాళ్లు ప్రొద్దుటూరు దాకా వెళ్లి రండి. రానుపోను 100 కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. 108 కిలోమీటర్లకు 60 శాతం ఖర్చయితే, నిండు చార్జింగ్‌కు మీకొచ్చే దూరం 180 కిలోమీటర్లు. పది కిలోమీటర్లు తిప్పి తేల్చేయకండి. టాటా కార్లతో పాటు చాలా వాటిలో వాడే ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీలో చార్జ్ శాతాన్ని కారు ఒక్కోసారి తప్పుగా అంచనా వేస్తుంది. తక్కువ దూరంలో ఆ తేడా బయటపడదు.

ప్రకటనలోని రేంజ్‌ను నమ్మి ప్రయాణాలు ప్లాన్ చేసుకోకండి. 2020 జనవరిలో వచ్చిన తొలి నెక్సాన్ ఈవీ బ్యాటరీ 30.2 యూనిట్లు. కంపెనీ చెప్పిన పరీక్షా రేంజ్ 312 కిలోమీటర్లు. ఇప్పుడు అందులో 85 శాతం మిగిలి ఉందనుకుంటే సుమారు 25.5 యూనిట్లు. మే నెలలో ఏసీతో హైవే మీద కిలోమీటరుకు 0.16 యూనిట్లు ఖర్చయితే వచ్చేది 160 కిలోమీటర్ల దరిదాపు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప సుమారు 210 కిలోమీటర్లు. మధ్యలో ఒకసారి చార్జింగ్ తప్పదు. కడప నుంచి తిరుపతి సుమారు 140 కిలోమీటర్లు. చేరతారు గానీ కొండ దగ్గర తిరగడానికి పెద్దగా మిగలదు. రోజూ ఊళ్లో 40, 50 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం ఇదే కారు సుఖంగా సరిపోతుంది.

మన ఎండలకు తట్టుకుంటుందా?

కర్నూలు, కడపల్లో ఎండాకాలం 42 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. వేడిలో బ్యాటరీ త్వరగా అరుగుతుంది. నిండా చార్జ్ చేసి ఎండలో రోజుల తరబడి నిలిపిన బండికి అరుగుదల ఇంకా ఎక్కువ. రోజుకు రెండుమూడు సార్లు ఫాస్ట్ చార్జింగ్ మీదే బతికిన క్యాబ్‌కూ అంతే. యార్డులో నెలల తరబడి నిలిచిన బండి అయితే ఎన్నాళ్లు నిలిచింది, ఎంత చార్జ్‌తో నిలిచింది అని అడగండి. పూర్తిగా దిగిపోయి నిలిచిన బ్యాటరీ కూడా దెబ్బతింటుంది.

బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా లేదా అన్నది మన ప్రాంతంలో పెద్ద తేడా. ఉంటే కూలెంట్ లీకేజీ లేదని సర్వీసు సెంటర్‌లో చూపించుకోండి. బండిని పైకెత్తించి కింద బ్యాటరీ పెట్టెకు సొట్టలు, గీతలు ఉన్నాయేమో చూడండి. బెంగళూరు బండి అయితే మరో ప్రశ్న: 2022 సెప్టెంబరులో అక్కడి ఐటీ కారిడార్‌లో వరద నీళ్లు పార్కింగ్‌లలోకి చేరి ఎన్నో కార్లు మునిగాయి. పాత ఇన్సూరెన్స్ పాలసీ నంబరు తీసుకుని ఏవైనా క్లెయిమ్‌లు ఉన్నాయా అని కనుక్కోండి. సీట్ల కింది బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద మట్టి చార కనిపిస్తే ఆలోచించక్కర్లేదు, లేచి వచ్చేయండి.

చార్జింగ్ పిన్ను కూడా చూసుకోండి. ఈ-వెరిటో లాంటి తొలితరం ఫ్లీట్ కార్లలో ఫాస్ట్ చార్జింగ్‌కు ‘భారత్ డీసీ-001’ రకం ఉండేది. ఇప్పుడు కొత్త కార్లలో, కొత్త చార్జింగ్ కేంద్రాల్లో ఎక్కువగా ఉన్నది ‘సీసీఎస్-2’. పిన్ను కుదరకపోతే హైవే మీద స్టేషన్ ఉన్నా లేనట్టే.

ఏయే కాగితాలు ఉండాలి?

ఆర్సీలో ‘లీజు’ లేదా ‘హైపోథికేషన్’ అని ఉంటే, అది తీసేయనిదే బండి మీ పేరు మీదకు రాదు. దానికి ఫైనాన్స్ సంస్థ సంతకంతో ఫారం 35, దాంతోపాటు బాకీ లేదన్న లేఖ కావాలి. లేఖ నకలు వాట్సాప్‌లో వస్తే సరిపోదు. ఆ సంస్థ శాఖకు ఫోన్ చేసి లేఖ నిజమైనదేనా అని కనుక్కోండి. బ్యాటరీని విడిగా కిలోమీటరు లెక్కన చందా కట్టే పద్ధతిలో అమ్మిన కార్లు కూడా ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. అలాంటి బండికి కారు అప్పు తీరినా బ్యాటరీ బాకీ మిగిలి ఉండొచ్చు. రెంటికీ వేర్వేరుగా నో డ్యూస్ అడగండి.

యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 కావాలి. కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. బహిరంగ వేలంలో కొంటే ఫారం 32 వాడతారు. వేలం బండ్లను సాధారణంగా ‘ఉన్నచోట, ఉన్నట్టుగా’ అమ్ముతారు. తరువాత బ్యాటరీ బాగాలేదంటే వినేవాళ్లుండరు. బ్యాటరీ పరీక్షకు అవకాశం ఇవ్వని వేలంలో పాడకపోవడమే మేలు.

వేరే రాష్ట్రం బండికి పాత ఆర్టీవో నుంచి ఫారం 28లో ఎన్‌ఓసీ తప్పనిసరి. ‘ఎన్‌ఓసీ రెడీ’ అంటే దరఖాస్తు పెట్టామనా, చేతికొచ్చిందనా అని అడగండి. అందులో మీ ఆర్టీవో కార్యాలయం పేరు ఉందో లేదో చూడండి. కడపలో ఉండేవాళ్లకు కర్నూలు పేరుతో తెచ్చిన ఎన్‌ఓసీ తలనొప్పే. తెచ్చిన తరువాత ఫారం 27తో ఏపీ నంబరు తీసుకోవాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకు మించి తిప్పకూడదు. లైఫ్ ట్యాక్స్ మాత్రం రాష్ట్ర చట్టం కింద వేరుగా పడుతుంది. ‘ఏడాది దాకా ఏమీ కట్టక్కర్లేదు’ అన్న మాట నమ్మకండి.

పన్ను ఎంత పడుతుంది?

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. కర్ణాటకలో ఎలక్ట్రిక్ కార్లకు చాలాకాలం రోడ్ ట్యాక్స్ లేదు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా మినహాయింపు ఇచ్చారు. అది అక్కడ కొని అక్కడ రిజిస్టర్ చేసినవాటికే. ఆ మినహాయింపు బండితో పాటు మన రాష్ట్రానికి రాదు. పెట్రోలు కారైతే పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో కొంత వాపసు అడగొచ్చు. ఈ కార్లకు అక్కడ పన్నే కట్టలేదు కాబట్టి వాపసు వచ్చేదేమీ ఉండదు. అందుకే ఆర్సీ నకలు, మొదటి ఇన్వాయిస్ పట్టుకుని మీ ఆర్టీవో కార్యాలయానికి అడ్వాన్స్ ఇవ్వకముందే వెళ్లండి. ‘ఈ బండిని ఇక్కడ రిజిస్టర్ చేస్తే లైఫ్ ట్యాక్స్ ఎంత?’ అని అడిగి, ఆ మొత్తాన్ని కారు ధరకు కలిపి అప్పుడు బేరమాడండి. ఊరట ఒకటుంది. 2021 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం బ్యాటరీ వాహనాలకు ఆర్సీ జారీ, రెన్యువల్, కొత్త నంబరు కేటాయింపు రుసుములు లేవు.

జీఎస్టీ పేరుతో ఎక్కువ అడిగితే కూడా లెక్క తెలిసి ఉండాలి. 2024 డిసెంబరు 21న జీఎస్టీ కౌన్సిల్ పాత వాహనాలన్నిటికీ, ఎలక్ట్రిక్ వాటితో సహా, 18 శాతం ఖరారు చేసింది. అది మొత్తం ధర మీద కాదు, అమ్మేవాళ్లకు మిగిలిన లాభం మీద. డీలరు రూ.8 లక్షలకు కొని రూ.8.60 లక్షలకు అమ్మితే పన్ను పడేది రూ.60 వేల మీద, అంటే రూ.10,800. ‘ఎనిమిదిన్నర లక్షల మీద 18 శాతం’ అంటే లక్షన్నర అవుతుంది, తేడా చూడండి. అమ్మే సంస్థ ఆ కారు మీద ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకుని ఉంటే ఈ లెక్క వర్తించదు. కాబట్టి ఇన్వాయిస్‌లో పన్ను ఎలా వేశారో రాతపూర్వకంగా అడగండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు వ్యక్తి తన కారు మీకు అమ్మితే జీఎస్టీ లేదు.

ఎలక్ట్రిక్ కారు లోన్ వడ్డీకి ఆదాయ పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా ఊరిస్తే, ఆ 80 ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే అని గుర్తుంచుకోండి.

ఇంట్లో చార్జింగ్‌కు ఏం చేయాలి?

15 ఆంపియర్ల ప్లగ్గుతో రాత్రంతా పెడితే చాలావరకు నిండుతుంది. కానీ ఆ ప్లగ్గు గంటల తరబడి దాదాపు 3 కిలోవాట్లు లాగుతుంది. ఏసీ, మోటారు కూడా నడిచే ఇంట్లో మీ మంజూరు లోడ్ సరిపోకపోవచ్చు. ఏపీఎస్‌పీడీసీఎల్ దగ్గర లోడ్ పెంచుకోండి. ఎర్తింగ్ కూడా పరీక్ష చేయించండి. మన దగ్గర ఎండాకాలం నేల ఎండిపోతే ఎర్త్ పిట్ పనిచేయదు. వారానికి రెండు బిందెల నీళ్లు పోయడం మరచిపోవద్దు.

బిల్లు లెక్క ఇలా ఉంటుంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే చార్జింగ్‌లో పోయేదాంతో కలిపి సుమారు 170 యూనిట్లు. మీ ఇంటి వాడకం ఇప్పటికే 250 యూనిట్లయితే, ఈ అదనం యూనిట్ రూ.8.75, రూ.9.75 శ్లాబుల్లో పడి రూ.1,500 దాకా అవుతుంది. సర్దుబాటు చార్జీలు అదనం. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారైతే అదే దూరానికి, లీటరు రూ.110 చొప్పున, దాదాపు రూ.6,900. నెలకు ఐదు వేల రూపాయల మిగులు నిజమే. నెలకు 300 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు మాత్రం ఆ మిగులు రూ.1,600 దగ్గర ఆగిపోతుంది. బ్యాటరీ రిస్కు తీసుకోవాలా అన్నది ఈ లెక్కను బట్టే తేల్చుకోండి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

డీలరు దగ్గర కొంటే ఆర్టీవో ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లకు ఇది ఉండాలి. బండి తమ చేతికొచ్చినట్టు ఫారం 29సీలో తెలియజేసి ఉండాలి. పెండింగ్ ఈ-చలానాలు, పాత ఫాస్టాగ్ క్లియర్ చేయించండి. బదిలీ అయిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ మీ పేరు మీదకు మార్చుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

అడ్వాన్స్ రసీదులో మూడు వాక్యాలు రాయించుకోండి. బ్యాటరీ ఆరోగ్యం ఇంత శాతం అని చెప్పారని. ఇంత తేదీలోపు ఫారం 35, ఎన్‌ఓసీ ఇస్తామని. ఇవి జరగకపోతే అడ్వాన్స్ పూర్తిగా వాపసిస్తామని. డబ్బు బ్యాంకు ద్వారానే, ఆర్సీలో లేదా ఇన్వాయిస్‌లో ఉన్న పేరుకే పంపండి. మధ్యవర్తి ఫోన్‌పే నంబరుకు పంపితే రేపు మీ దగ్గర మిగిలేది స్క్రీన్‌షాట్ ఒక్కటే.

మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. రూ.50 లక్షల లోపు కొనుగోళ్లపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అక్కడ మీ తరఫున మాట్లాడేవి ఆ రసీదు, ఆ ఈమెయిల్, ఆ బ్యాటరీ రిపోర్టే. ఈ మూడూ ఇవ్వడానికి వెనకాడని అమ్మకందారు దొరికితే బేరం ముందుకు సాగించండి. వెనకాడితే ఇంకో బండి చూసుకోండి. రాబోయే రెండు మూడేళ్లలో లీజు ముగిసిన కార్లు ఇంకా వస్తూనే ఉంటాయి, తొందరేమీ లేదు.